ఇస్త్రీ నీళ్లలో క్రాకో మట్టి

దక్షిణ ఇటలీలోని క్రాకోలో టికెట్టుతో పాటు హెల్మెట్ కూడా చేతిలో పెడతారు. దిగబోయేది గనిలోకీ కాదు, సొరంగంలోకీ కాదు. చూడబోయేది ఒక ఊరు. ఇళ్లున్నాయి, సందులున్నాయి, చర్చి ఉంది, రొట్టెలు కాల్చుకునే పొయ్యిలున్నాయి. మనుషులే లేరు.

నాకు హెల్మెట్ కొత్త కాదు. కాలవ కట్టలకీ చెరువు కట్టలకీ పోసే మట్టి పనికొస్తుందో లేదో తేల్చే ల్యాబులో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. మా అబ్బాయికి మాత్రం గడ్డం కింద పట్టీ ఎలా బిగించుకోవాలో అర్థం కాలేదు. నేనే బిగించాను, చిన్నప్పుడు బడికి పంపేముందు చొక్కా గుండీలు పెట్టినట్టు. "అమ్మా, అందరూ చూస్తున్నారే" అన్నాడు. చూసేవాళ్లు ఎవరున్నారు గనక! మేం ముగ్గురం, ఇద్దరు జర్మన్లు, గైడు పిల్ల.

వాడూ మా కోడలూ ఇటలీలోనే బారీ అనే నగరంలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాళ్ల దగ్గర మూడు నెలలు ఉందామని వెళ్లాను. రోము, ఫ్లోరెన్సు, వెనిస్ చూపించారు. బాగున్నాయి. వాటి గురించి రాసేవాళ్లు బోలెడుమంది, నేను రాయను. నేనుగా నోరు తెరిచి అడిగిన ఊరు ఇదొక్కటే. ఎప్పుడో ఒక ట్రైనింగులో, కొండచరియల మీద పాఠం చెబుతూ ఒక ఫోటో వేశారు. బోడికొండ మీద తేనెపట్టులా అతుక్కున్న ఇళ్లు, పైన చదరపు బురుజు. ఆ ఫోటో ఎందుకో మనసులోంచి పోలేదు.

ఇటలీ బూటులా ఉంటుందని అందరం చిన్నప్పుడు చదువుకున్నదే. మడమ వైపు పూలియా, బొటనవేలి వైపు కలాబ్రియా. రెంటికీ మధ్య అరికాలు ఒంపు తిరిగే చోట ఉన్న ముక్క బాసిలికాటా. క్రాకో అందులో మతేరా జిల్లాలో ఉంది. పాత పేరు లుకానియా. బైజాంటియం వాళ్లు, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యం వాళ్లు, ఏలినప్పుడు వాళ్ల అధికారిని గ్రీకులో పిలిచిన పేరు మీదుగా బాసిలికాటా అయింది. ముస్సోలినీ కాలంలో 1932లో మళ్లీ లుకానియా అన్నారు, 1947లో మళ్లీ బాసిలికాటా. కాగితాల మీద ఏది రాసుకున్నా ఇక్కడి జనం తమని లుకానీ అనే చెప్పుకుంటారు.

మ్యాపు ముందు పెట్టుకుంటే ఈ ప్రాంతం కథ సగం అక్కడే తెలిసిపోతుంది. బ్రదానో, బసెంతో, కవోనే, అగ్రి, సిన్ని అని ఐదు నదులు. ఐదూ కొండల్లోంచి దిగి దువ్వెన పళ్లలా పక్కపక్కనే ఆగ్నేయంగా పారి తారంతో అఖాతంలో కలుస్తాయి. ఊళ్లన్నీ ఆ పళ్ల మధ్య మిగిలిన మిట్టల మీద ఉన్నాయి. నది ఒడ్డున ఊరు వెతికితే పాతది ఒక్కటీ కనిపించదు. నీళ్ల పక్కన బతకడం తెలిసిన మనకి ఇది వింతగా ఉంటుంది. కారణం దోమ. తీరం వెంబడి పల్లం నేలంతా మలేరియా. పొద్దున్నే కొండ దిగి పొలానికి గంటల తరబడి నడిచి, చీకటి పడకముందే గాడిదతో సహా పైకి ఎక్కేయడం ఇక్కడి రైతు బతుకు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక డీడీటీ కొట్టి, గుంటలు ఎండగట్టి, 1950 భూసంస్కరణలో పల్లం భూములు పంచాకనే జనం కిందికి దిగారు. ఇటలీలో మలేరియా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది 1970లో.

సముద్రం మీది నుంచి వచ్చే దొంగల భయం కూడా ఉండేదనుకోండి. కానీ దోమ ముందు దొంగ ఎంత?

మేం మతేరా మీదుగా వెళ్లాం. మతేరా గురించి రెండు ముక్కలు చాలు. అక్కడ గుహల్లో కాపురాలుంటున్న వేల మందిని 1952లో చట్టం చేసి మరీ ఖాళీ చేయించారు, అది దేశానికి సిగ్గుచేటని. 1993లో అవే గుహలు యునెస్కో జాబితాకెక్కాయి. ఇప్పుడు వాటిలో హోటళ్లున్నాయి. పడుకోవడానికి రాత్రికి ఎంతో చెప్పాడు మా అబ్బాయి, నేను పడుకోలేదు.

అక్కడి నుంచి బసెంతో లోయలో దిగి పిస్టిచ్చి చేరాం. ఈ ఊరు నేను అనుకోకుండా చూసినది. 1688 ఫిబ్రవరి 9 రాత్రి మంచు బాగా కురిసిన తర్వాత ఊళ్లో ఒక పేట మొత్తం చరియతో పాటు జారి కిందికి పోయింది. సుమారు 400 మంది చనిపోయారు. ఊరు వదిలి పల్లానికి వెళ్లిపొమ్మంటే జనం ససేమిరా అన్నారు. జారిన మట్టి మీదే మళ్లీ ఇళ్లు కట్టుకున్నారు. ఆ పేట పేరు దిరూపో, అంటే కొండ అంచు. తెల్లసున్నం వేసిన ఇళ్లు, అన్నీ ఒకే ఎత్తు, ఒకే మాదిరి ముక్కోణపు నెత్తులు, వరసల్లో నిలబెట్టినట్టుంటాయి. మొండితనానికి సున్నం కొడితే ఇంత అందంగా ఉంటుందా అనిపించింది. ల్యాబులో ఉన్నప్పుడైతే ఆ స్థలానికి నేను సంతకం పెట్టేదాన్ని కాదు.

పిస్టిచ్చి దాటాక ఫోను చెప్పిన దారిలో వెళ్తే రోడ్డుకి అడ్డంగా బారికేడు, పసుపు బోర్డు. దాని మీద ఉన్న మాటల్లో ఒకటి 'ఫ్రానా'. "అంటే చరియ విరిగిందని అత్తయ్యా" అంది మా కోడలు. తర్వాత రెండు రోజుల్లో ఆ మాట ఎన్నిసార్లు చదివానో! ఇక్కడ రోడ్డు బోర్డుల మీద ఊళ్ల పేర్ల తర్వాత ఎక్కువగా కనిపించేది అదే. మా అబ్బాయి గొణుక్కుంటూ బండి వెనక్కి తిప్పాడు. నేను దిగి బారికేడు అవతలికి తొంగిచూశాను. తారు రోడ్డు చాప మడతపెట్టినట్టు మూడు చోట్ల ముడుచుకుని ఉంది. కింద ఒకటే బంకమన్ను.

ఆ బంకమన్ను గురించి చెప్పకుండా క్రాకో గురించి చెప్పలేను.

ఇరవై ముప్పై లక్షల ఏళ్ల కింద ఇదంతా సముద్రగర్భం. పడమట ఆపెన్నైన్ కొండలు, తూర్పున పూలియా సున్నపురాతి పీఠం, మధ్య లోతైన సముద్రం. కొండల నుంచి కొట్టుకొచ్చిన మెత్తటి బురద వందల మీటర్ల మందాన అందులో పేరుకుంది. తర్వాత నేల పైకి లేచింది. ఆ నీలి బూడిదరంగు బురదే ఇప్పుడు ఈ మిట్టలు. రోడ్డు పక్క కోసిన గట్టులో వేలితో గీకితే గోరంత ఆల్చిప్ప ముక్క బయటపడింది. సముద్రం కనుచూపు మేరలో లేదు.

వానకి ఈ మట్టి ఎలా కోసుకుపోతుందంటే, కత్తుల వరసలా నిలువు గాడులూ మధ్యలో పదునైన వెన్నులూ ఏర్పడతాయి. వీటిని ఇక్కడ కలాంకి అంటారు. దక్షిణం వైపు తిరిగిన చరియల్లో గడ్డిపోచ కూడా సరిగ్గా ఉండదు. ఉత్తరం వైపు పొదలుంటాయి. ఎండ బాగా తగిలే వైపు మట్టి ఎండి నెర్రెలిస్తుంది, ఆ నెర్రెల్లోకి వాన దూరుతుంది. మేం వెళ్లింది అక్టోబరు మొదట్లో. గోధుమ కోసేసి దున్నిన చేలు, వాటి అంచున హఠాత్తుగా కలాంకి. కాళ్లకింద బీటలు నా అరచెయ్యి దూరేంత ఉన్నాయి. అక్కడక్కడా తెల్లగా ఉప్పు పూసి ఉంది. ఆ తెలుపు చూడగానే నాకు అనుమానం వచ్చింది. చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి నాలుగు పెళ్లలు వేసుకున్నాను. "అత్తయ్యా, విమానంలో తీసుకెళ్లనివ్వరేమో" అంది కోడలు. విమానం దాకా అక్కర్లేదమ్మా, సాయంత్రానికి పని అయిపోతుంది అన్నాను.

మలుపు తిరగ్గానే క్రాకో. ఫోటోలో చూసినదే, కాకపోతే ఫోటోలో గాలి ఉండదు. 391 మీటర్ల ఎత్తు. ఒక పక్క కవోనే లోయ, ఇంకో పక్క అగ్రి లోయ. బురుజు ఉన్న శిఖరం గట్టి రాయి. కింద అంచెలంచెలుగా దిగిన ఇళ్ల కాళ్లకింద మాత్రం బంకమన్ను. ఊరు మొత్తం ఒక్కలా పాడవకపోవడానికి అదే కారణం. పైన బురుజు తొణక్కుండా ఉంది. కిందికి వచ్చేకొద్దీ గోడలు ఒరిగి, ఒక వైపైతే వీధికి వీధే లేదు.

గైడు పిల్ల గేటు తాళం తీసి, రాళ్లు పడే చోట ఆగొద్దని చెప్పి, చరిత్ర మొదలుపెట్టింది. కోడలు తెలుగు చేస్తూ వచ్చింది. ఇక్కడ క్రీ.పూ. 8వ శతాబ్దం నాటి సమాధులు బయటపడ్డాయి. ఊరి పేరు 1060లో గ్రాకులుం అని కనిపిస్తుంది, చిన్న దున్నిన చేను అని దాని అర్థం. అప్పుడు ఈ భూమి త్రికారికో బిషప్‌ది. తర్వాత ఉత్తర ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్ల చేతికి పోయింది. చదరపు బురుజు వాళ్లదే. రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి కాలంలో ఇది సైనిక స్థావరం, బురుజు జైలు.

1276లో క్రాకోలో యూనివర్సిటీ పెట్టారని చాలాచోట్ల రాస్తుంటారు. నేనూ అది చదివి, ఇంత కొండ మీద యూనివర్సిటీ ఏమిటని ఆశ్చర్యపోయాను. అప్పటి దక్షిణ ఇటలీలో 'ఊనివెర్సితాస్' అంటే ఊరి జనమంతా కలిసిన సభ, మన పంచాయతీలాంటిది. పన్నులు వసూలు చేసుకోవడం, జమీందారుతో పేచీలు తీర్చుకోవడం దాని పని. పాఠాలు చెప్పేది కాదు. 1277లో 450 మంది ఉన్న ఊళ్లో ఎవరికి చెప్తారు? 1561కి ఆ 450 కాస్తా 2,590 అయింది. ఊరు బాగా బతికిన కాలం అదే. మరోన్నా, గ్రోస్సి, కార్బోనే, సిమోనెత్తి అని నాలుగు పెద్ద కుటుంబాల మేడలు వెలిశాయి. గ్రోస్సి వాళ్ల మేడలో పైకప్పుకి వేసిన పూల బొమ్మలు వీధిలోంచే కనిపిస్తున్నాయి, ముందు గోడ లేదు గనక. నీలం, ఎరుపు ఇంకా పోలేదు. ఆ గదిలో పావురాలు కాపురం పెట్టాయి.

1656లో ప్లేగు. 1799లో నేపుల్స్‌లో రిపబ్లిక్ ప్రకటిస్తే ఇక్కడి జనం కూడా దాని వైపే చేరారు, అది కొద్ది నెలలే నిలిచింది. 1861 నవంబరులో కార్మినే క్రోక్కో దళం వచ్చి ఊరు పట్టుకుంది. ఇటలీ ఒక్కటైన ఏడాదే అది. కొత్త రాజ్యం భూములిస్తుందనుకుంటే పన్నులూ సైన్యంలో నిర్బంధ భర్తీ తెచ్చిందని కడుపు మండిన రైతులు, పాత రాజు మనుషులు, అసలు దొంగలు, అందరూ కలిసిన దళాలవి. వాళ్లని బందిపోట్లనాలా తిరుగుబాటుదార్లనాలా అన్నది ఇటలీలో ఇప్పటికీ తేలని తగాదా. మా కోడలు ఆఫీసులో భోజనాల దగ్గర ఈ మాట ఎత్తితే రెండు బల్లలయ్యాయట.

తగాదా సంగతి ఎలా ఉన్నా, ఊరిని నిజంగా ఖాళీ చేయడం మొదలుపెట్టింది ఆకలి. 1892 నుంచి 1922 లోపు 1,300 మందికి పైగా క్రాకో వాళ్లు ఉత్తర అమెరికా ఓడలెక్కారు. గోధుమ పండే నేలే, కానీ చాలని పంట. వాళ్ల మనవలూ మునిమనవలూ 2007లో అమెరికాలో సంఘం పెట్టుకుని ఊరి కాగితాలూ ఫోటోలూ పోగుచేస్తున్నారు.

ఇక్కడ దాకా గైడు చెప్పినదంతా బాగుంది. తర్వాత ఆ పిల్ల "1963లో ఫ్రానా వచ్చింది, జనాన్ని కిందికి దింపేశారు" అని ఒక్క వాక్యంలో ముగించి, ఇక్కడ తీసిన సినిమాల్లోకి వెళ్లిపోయింది. క్రీస్తు చివరి ఘడియల సినిమాలో జూడాస్ ఉరేసుకునే దృశ్యం ఇక్కడే తీశారట. జర్మన్లు ఫోటోలు తీసుకున్నారు. నేను కోడలి చెయ్యి గిల్లి, "నీళ్ల పైపులు ఎక్కడేశారో అడుగు" అన్నాను.

గైడు నావైపు వింతగా చూసింది. రోజూ వచ్చేవాళ్లు దెయ్యాల గురించి అడుగుతారు కాబోలు.

ఎందుకడిగానంటే, చరియ ఊరికే వచ్చి తలుపు తట్టదు. ఇక్కడి నేల జారడం కొత్త కాదు, శతాబ్దాలుగా కొంచెం కొంచెం జారుతూనే ఉంది. కానీ 1963 దాకా ఊరు ఊరుగానే ఉంది. ఆ జారుడుకి కారణాల్లో ఒకటిగా చెప్పేది ఊళ్లో వేసిన నీటి పైపులూ మురుగు పైపులూ, వాటి కోసం తవ్విన తవ్వకాలు. అంతకుముందు నీళ్లంటే బిందె. మోసుకొచ్చిన నీళ్లు ఎంత వాడతారు? ఒలకబోస్తే చెయ్యి నొప్పి పుడుతుంది. కుళాయి వచ్చాక వాడకం పెరుగుతుంది, వాడిన నీళ్లు ఎటో పోవాలి. పైపు అతుకు దగ్గర కారినా పైకి కనిపించదు, మట్టి తాగేస్తుంది. బంకమన్ను ఇసుకలా నీటిని వదిలేయదు, పట్టుకుని కూర్చుంటుంది. మట్టి రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరుగుతుంది. పైన ఊరి బరువు అంతే ఉంది, కింద పట్టు సడలింది. పాతగా ఎప్పుడో జారి నునుపెక్కిన పొరలు లోపల ఉంటే ఇక చెప్పక్కర్లేదు. కారుతున్న అతుకు వల్ల నేల కొంచెం కదులుతుంది, ఆ కదలికకి పైపు ఇంకో రెండు చోట్ల పగులుతుంది, మరిన్ని నీళ్లు దిగుతాయి. దానికదే మేత వేసుకునే జబ్బు అది.

ఇదంతా వీధిలో నిలబడి చెబుతుంటే మా అబ్బాయి "అమ్మా, క్లాసు తర్వాత" అన్నాడు. కానీ గైడు పిల్ల ఆగి విన్నది. తర్వాత మమ్మల్ని మామూలు దారి తప్పించి కాదు గానీ, ఒక మలుపు దగ్గర నిలబెట్టి ఒక గోడ చూపించింది. గది సగానికి తెగిపోయి ఉంది. మిగిలిన గోడలో మోకాలెత్తున రాతి తొట్టి, దాని మీద తుప్పుపట్టిన ఇనప గొట్టం జానెడు బయటికొచ్చి కిందికి వంగి ఉంది. కుళాయి తల లేదు. గొట్టం రెండో కొస ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. తొట్టి అంచు ఒక పక్క అరిగి నున్నగా ఉంది. అంతగా అరగాలంటే కుళాయి రాకముందు నుంచీ అక్కడ చేతులు పనిచేసి ఉండాలి. నేల పగుల్లోంచి అంజూరపు మొక్క లేచింది.

ఆ గొట్టం వేసినవాణ్ణి నేను తప్పుపట్టలేను. నేను అలాంటి పనులకే జీతం తీసుకున్నదాన్ని. కొండ మీది ఆడవాళ్లకి కుళాయి ఇవ్వకూడదని ఏ ఇంజినీరు అనగలడు? వేసిన గొట్టానికి కింద మట్టి ఏమిటో ముందు చూసుకోవాలి, కారే నీళ్లకి దారి చూపించాలి అని అంటాను. అదీ అయిపోయిన పెళ్లికి బాజాలాంటి మాటే.

1963లో మొదలైన ఖాళీ ఒక్కరోజులో ముగియలేదు. కొందరు కిందికి దిగారు, కొందరు పట్టుకుని ఉన్నారు. 1972లో వరదలు వచ్చి నేలని ఇంకా చెడగొట్టాయి. 1980 నవంబరు 23 రాత్రి 7.34కి ఇర్పీనియా భూకంపం. దాదాపు 2,900 మందిని చంపిన భూకంపమది, దాని కేంద్రం ఇక్కడికి దూరమే అయినా మిగిలినవాళ్ల ధైర్యం పోయింది. ఆ తర్వాత పై ఊళ్లో ఎవరూ లేరు. 2010లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వాళ్లు ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చారు. తర్వాతే ఈ గేటు, ఈ హెల్మెట్లు, ఇనప కడ్డీలతో గట్టిచేసిన ఈ ఒక్క దారి.

జనాన్ని దింపిన చోటు పేరు క్రాకో పెస్కియేరా, లోయలో. పెస్కియేరా అంటే చేపల చెరువు. దోమకి భయపడి వెయ్యేళ్లు కొండ మీదున్నవాళ్లని చివరికి నీళ్లు చేపల చెరువు పేరున్న చోటికి దింపాయి. ఇప్పుడు క్రాకో మొత్తం కలిపినా వెయ్యిమంది లేరు.

సాయంత్రం అక్కడికే వెళ్లాం. వరసగా కట్టిన ఇళ్లు, వెడల్పు రోడ్డు, ఒక బార్. బార్ అంటే కాఫీ కొట్టు, కంగారుపడకండి. కాఫీలు చెప్పి, నేను నా మట్టిపెళ్లల కవరు బయటికి తీశాను. మా అబ్బాయి కుర్చీ కొంచెం జరుపుకున్నాడు.

చేసిన పరీక్ష చాలా చిన్నది. శనగగింజంత పెళ్ల గ్లాసు నీళ్లలో వేసి, కదపకుండా పది నిమిషాలు చూడటమే. మామూలు బంకమన్నైతే విరిగి అడుగున కుప్పపడుతుంది, పైన నీళ్లు తేటగా ఉంటాయి. సోడియం ఎక్కువున్న మట్టైతే పెళ్ల చుట్టూ పాలు కారినట్టు మబ్బు లేస్తుంది. రేణువులు ఒకదాన్నొకటి తోసుకుని నీటిలో తేలిపోతాయి. అలాంటి మట్టితో కట్ట వేస్తే చీమ తొలిచిన కన్నం చాలు, కట్ట కరిగిపోవడానికి.

కానీ నీళ్లు స్వచ్ఛమైనవి కావాలి. బారాయన ఇచ్చిన మినరల్ వాటర్‌లో కాల్షియం ఉంటుంది, అది రేణువుల్ని పట్టి ఉంచుతుంది. అందుకే బారీలో బయల్దేరేముందే సూపర్‌మార్కెట్‌లో ఇస్త్రీ పెట్టెలో పోసుకునే నీళ్లు ఒక సీసా కొనిపించాను. ఇక్కడ ఆవిరి ఇస్త్రీ పెట్టెలకి ఖనిజాలు తీసేసిన నీళ్లు అమ్ముతారు, మా ల్యాబు నీళ్లకి ఏమీ తీసిపోవు. "ఇస్త్రీ నీళ్లు పట్టుకుని విహారయాత్రకి వచ్చే అత్తగారు నాకొక్కదానికే ఉంటారు" అంది కోడలు. కానీ గ్లాసులు ముందుకు జరిపింది తనే.

రెండు గ్లాసులు. ఒకదాంట్లో మినరల్ వాటర్, రెండోదాంట్లో ఇస్త్రీ నీళ్లు. ఒక్కో పెళ్ల వేశాను. మొదటి గ్లాసులో పెళ్ల నెమ్మదిగా విడిపోయి అడుగున కూర్చుంది. రెండోదాంట్లో నిమిషం ఏమీ లేదు. తర్వాత పెళ్ల అంచు మెత్తబడి, పొగ గీతలా తెల్లటి తెర ఒకటి గ్లాసు అడుగున పాకింది. తర్వాత పైకి లేచింది. మా కాఫీలు అయ్యేసరికి గ్లాసు అవతల ఉన్న చక్కెర పొట్లం మీది అక్షరాలు కనపడలేదు. వాన నీళ్లు కూడా ఇస్త్రీ నీళ్లలాగే, లోపల ఏమీ ఉండదు. కలాంకిని కోసేది అదే. ఊరు జారిన కథ వేరు, అక్కడ మట్టి కరగలేదు, ఒత్తిడికి పట్టు తప్పింది. ఆ రెండూ కలిపేసి చెప్పకూడదని అబ్బాయికి రెండుసార్లు చెప్పాను. వాడు ఫోనులో రెండూ కలిపేసే రాశాడు.

పక్క బల్ల దగ్గర పేక ఆడుతున్న ముసలాయన ఒకడు లేచి వచ్చాడు. అడక్కుండానే గ్లాసు ఎత్తి వెలుగుకేసి పట్టాడు. "క్రేతా" అన్నాడు. బంకమన్ను. కోడలు ఇటాలియన్‌లో నా సంగతి చెప్పింది, ఉద్యోగం, ల్యాబు, అన్నీ. ఆయన పుట్టింది పై ఊళ్లోనట. దిగినప్పుడు బడికి వెళ్లే వయసు. వాళ్ల ఇంటి తలుపు ఆ ఏడాది చలికాలం మొదట్లో మూతపడటం మానేసిందట. వాళ్ల నాన్న అడుగున చెక్కేస్తే పట్టింది. నెల తర్వాత మళ్లీ పట్టలేదు. మళ్లీ చెక్కాడు. మూడోసారి చెక్కలేదు, తలుపు ఊడదీసి గాడిద మీద వేసుకుని దిగారు.

"ఆ తలుపు ఏమైంది?" అని అడిగించాను.

కొత్త ఇంట్లో కోళ్ల గూటికి వేశారట. బాగా మూతపడేదట.

గ్లాసు బల్ల మీద పెట్టి ఆయన ఆటకి వెళ్లిపోయాడు. మేం లేచేసరికి అరగంట దాటింది, నీళ్లు ఇంకా తేరుకోలేదు. బారాయన రెండు గ్లాసులూ తీసుకుని సింకు దాకా వెళ్లి, ఏమనుకున్నాడో, తలుపు తీసుకుని బయటికి వెళ్లి వాకిట్లో పూలకుండీలో పోశాడు.